హైవే దిగాక చార్జింగ్ ఎక్కడ?

గుత్తి నుంచి పత్తికొండకు వెళ్లే దారిలో ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దం నాటివి. వాటిలో రెండో శిలాశాసనం యుద్ధాల గురించి మాట్లాడదు. మనుషులకూ పశువులకూ వైద్యం, బాటల వెంట బావులు, చెట్లు ఏర్పాటు చేయించిన సంగతి చెబుతుంది. అదే దారిన ముందుకు పోతే పత్తికొండ వస్తుంది. మద్రాసు గవర్నర్ థామస్ మన్రో 1827 జూలై 6న కలరాతో కన్నుమూసింది ఈ ఊళ్లోనే. ఆయన జ్ఞాపకార్థం అప్పటి ప్రభుత్వం ఇక్కడ తోపు వేయించి, మెట్లబావి కట్టించింది.

ఈ రెండు పనుల మధ్య రెండు వేల ఏళ్ల దూరముంది. రెండింటి వెనకా ఉన్న లెక్క మాత్రం ఒకటే. జనసంచారం పలచగా ఉండే ఎండ దారిలో నీళ్లమ్మి లాభం తీద్దామని ఎవరూ రారు. అలాంటి చోట బావి తవ్వాలంటే ఖజానాయే తవ్వాలి. రద్దీగా ఉండే సంతలో నీళ్లకు ఖజానా సొమ్ము అక్కర్లేదు. అక్కడికి వ్యాపారి తనంతట తానే వస్తాడు.

ఎలక్ట్రిక్ వాహనాల ఫాస్ట్ చార్జింగ్ కోసం కేంద్రం, రాష్ట్రాలు ఖర్చు పెడుతున్న ప్రజాధనాన్ని ఈ కొలతతోనే చూడాలి. హైదరాబాద్, బెంగళూరు నగరాల మధ్య 44వ జాతీయ రహదారి మీద కర్నూలు, డోన్, గుత్తి, అనంతపురం పరిసరాల్లో బంకుల దగ్గర, హోటళ్ల దగ్గర చార్జర్లు వెలుస్తున్నాయి. పెనుకొండ దగ్గరి కియా కర్మాగారం నుంచి 2025లో ఎలక్ట్రిక్ కారు కూడా బయటికొచ్చింది. రాయలసీమలో తయారైన ఆ బండి హైవే మీద ధైర్యంగా పరుగెత్తగలదు. గుత్తి దగ్గర హైవే దిగి పత్తికొండ, ఆదోని మీదుగా మంత్రాలయం పోదామంటే మాత్రం, బయల్దేరే ముందే డ్రైవరు బ్యాటరీ శాతాన్ని చూసుకుని లెక్కలేసుకోవాలి.

ఈ తేడా ఎలా ఏర్పడిందో తెలియాలంటే డబ్బు నడిచిన దారి చూడాలి. ఎలక్ట్రిక్ వాహనాలను ప్రోత్సహించే కేంద్ర పథకం ఫేమ్‌లో, 2019 ఏప్రిల్‌లో మొదలైన రెండో దశకు మొదట 10,000 కోట్లు కేటాయించారు. అందులో 1,000 కోట్లు చార్జింగ్ వసతులకు. తొలి విడతలో దరఖాస్తులు పిలిచినప్పుడు అర్హత ప్రధానంగా పది లక్షలు దాటిన నగరాలకు, స్మార్ట్ సిటీలకు దక్కింది. 2020 జనవరిలో 24 రాష్ట్రాల్లోని 62 నగరాలకు 2,636 స్టేషన్లు మంజూరు చేశారు. ఆంధ్రప్రదేశ్ వాటా 266. మహారాష్ట్ర తర్వాత రెండో స్థానం మనదే. కర్ణాటకకు 172, తెలంగాణకు 138 వచ్చాయి.

ఆ జాబితా చూసి అప్పట్లో సంతోషించిన వారుంటారు. అయిదేళ్ల తర్వాత లెక్క మరోలా తేలింది. 2024 డిసెంబరు నాటికి దేశంలో బహిరంగ చార్జింగ్ స్టేషన్లు 25 వేలు దాటితే, కర్ణాటక ఒక్కటే 5,700కు పైగా పెట్టుకుని మొదటి స్థానంలో నిలిచింది. ఆంధ్రప్రదేశ్ వెయ్యి కూడా చేరలేదు. మంజూరులో ముందున్న రాష్ట్రం ఏర్పాటులో వెనకబడింది. కాగితం మీద కేటాయింపు, నేల మీద నడిచే చార్జరు వేర్వేరని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. అయితే కర్ణాటకను కూడా పూర్తి ఆదర్శంగా తీసుకోవడానికి లేదు. అక్కడి స్టేషన్లలో అత్యధికం బెంగళూరు చుట్టూనే పోగుపడ్డాయి.

కర్నూలు జనాభా పది లక్షలు లేదు. అది స్మార్ట్ సిటీల జాబితాలోనూ లేదు. సీమ నుంచి ఆ జాబితాకెక్కింది తిరుపతి ఒక్కటే. జిల్లా కేంద్రానికే చోటు దొరకని కొలమానంలో పత్తికొండ, ఆలూరు, ఎమ్మిగనూరు లాంటి ఊళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. తర్వాత 16 జాతీయ రహదారులు, 9 ఎక్స్‌ప్రెస్ వేల మీద 1,576 స్టేషన్లు మంజూరు చేశారు. 2023 మార్చిలో మూడు ప్రభుత్వరంగ చమురు సంస్థలకు 7,432 స్టేషన్ల కోసం 800 కోట్లు ఖరారు చేసి, మొదటి విడతగా 560 కోట్లు విడుదల చేశారు. నగరం, పెద్ద రహదారి, పెట్రోలు బంకు అనే వరుసలో డబ్బు నడిచింది. ఆ వరుసలో తాలూకా ఊరి పేరు ఎక్కడా రాలేదు.

వ్యాపారి ఎందుకు రాడో చిన్న లెక్క వేసి చూడొచ్చు. 60 కిలోవాట్ల చార్జరు రోజంతా ఆగకుండా నడిస్తే 1,440 యూనిట్లు ఇవ్వగలదు. పత్తికొండ లాంటి ఊళ్లో మొదటి ఏడాది రోజుకు మూడు కార్లు వచ్చి తలా 20 యూనిట్లు ఎక్కించుకున్నాయని అనుకుందాం. మొత్తం 60 యూనిట్లు. యంత్రం సామర్థ్యంలో నాలుగు శాతం. ఖర్చులు పోను యూనిట్‌కు ఆరు రూపాయలు మిగిలితే రోజుకు 360 రూపాయలు, ఏడాదికి లక్షా ముప్పై ఒక్క వేలు. చమురు సంస్థలకు కేంద్రం ఒప్పుకున్న సాయమే సగటున స్టేషన్‌కు 10.76 లక్షలు. ఆ మొత్తం తిరిగి రావాలన్నా ఎనిమిదేళ్లు దాటుతుంది. ఈలోగా వడ్డీ కట్టాలి, మరమ్మతులు చేయించాలి, కాపలా మనిషికి జీతమివ్వాలి. ఏ బ్యాంకు మేనేజరూ ఈ లెక్క చూసి అప్పివ్వడు. కార్లు కొంటే కదా చార్జర్లు పెట్టేది అని వ్యాపారి అంటాడు. చార్జర్లు ఉంటే కదా కొనేది అని కొనేవాడు అంటాడు. ఈ ముడి విప్పడానికే ప్రజాధనం.

నార్వే అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 2024లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 89 శాతం ఎలక్ట్రిక్‌వే. ధనిక దేశం కాబట్టి సాధ్యమైందని తేల్చేస్తే సగం నిజమే చెప్పినట్టు. అక్కడి ప్రభుత్వ సంస్థ ఎనోవా ముందు ప్రధాన రహదారుల మీద యాభై కిలోమీటర్లకొక ఫాస్ట్ చార్జింగ్ కేంద్రం వచ్చేలా సాయమిచ్చింది. ఆ తర్వాత వ్యాపారులు తమంతట తాము పోని చిన్న పురపాలికల మీద దృష్టి పెట్టింది. రద్దీ ఉన్న చోటును మార్కెట్టుకు వదిలేసి, లేని చోటుకు ఖజానా కదిలింది.

అమెరికా మరో పాఠం నేర్పింది. 2021 నవంబరులో వచ్చిన మౌలిక వసతుల చట్టం జాతీయ చార్జింగ్ కార్యక్రమానికి అయిదేళ్లకు 500 కోట్ల డాలర్లు కేటాయించింది. రహదారి మీద ప్రతి 50 మైళ్లకు ఒక కేంద్రం, ఒక్కొక్క దాంట్లో కనీసం నాలుగు చార్జర్లు, ఏడాదిలో 97 శాతం సమయం అవి పనిచేసే స్థితిలో ఉండాలన్న షరతు. నిబంధనలు బాగున్నాయి. మొదటి కేంద్రం ఒహాయోలో తెరుచుకునేసరికి మాత్రం 2023 డిసెంబరు వచ్చింది. ప్రభుత్వం మారాక 2025 ఫిబ్రవరిలో నిధులు ఆపేశారు, గొడవ కోర్టుల దాకా వెళ్లింది. ఆలస్యం చేస్తే మంచి పథకం కూడా రాజకీయాల గాలివాటున పడుతుంది. ఆ షరతుల్లో మనం తప్పక తీసుకోవాల్సింది 97 శాతం అనే అంకె. నిలబెట్టిన యంత్రానికి కాక, పనిచేసే యంత్రానికి డబ్బివ్వడమనే పద్ధతి అది.

ఇప్పుడు మన ముందున్న అవకాశం పీఎం ఈ-డ్రైవ్. కేంద్ర మంత్రివర్గం 2024 సెప్టెంబరు 11న 10,900 కోట్లతో ఆమోదించిన ఈ పథకంలో చార్జింగ్‌కు 2,000 కోట్లు ఉన్నాయి. లక్ష్యం 72,300 చార్జర్లు. వాటిలో కార్లకు 22,100, బస్సులకు 1,800, ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు 48,400. గడువును 2028 మార్చి 31 వరకు పొడిగించారు. 2025 సెప్టెంబరులో వెలువడిన మార్గదర్శకాల్లో పత్తికొండ లాంటి ఊళ్లకు పనికొచ్చే వాక్యం ఒకటుంది. ప్రభుత్వ కార్యాలయాలు, ఆసుపత్రులు, విద్యాసంస్థల ఆవరణల్లో పెట్టే చార్జర్లకు, వాటికి కావాల్సిన లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లకు నూటికి నూరు శాతం సాయం ఇస్తారు. అక్కడికి ప్రజలందరికీ ప్రవేశం ఉండాలన్నది షరతు. బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, చమురు సంస్థల బంకుల దగ్గరైతే లైను, ట్రాన్స్‌ఫార్మర్ల ఖర్చులో 80 శాతం, యంత్రం ఖర్చులో 70 శాతం దొరుకుతుంది.

పత్తికొండ 2022 నుంచి రెవెన్యూ డివిజన్ కేంద్రం. ఆర్డీఓ కార్యాలయం, ఆసుపత్రి, కాలేజీ, ఆర్టీసీ బస్టాండు, మార్కెట్ యార్డు ఉన్నాయి. ఆదోని, గుత్తి, డోన్‌ల నుంచి వచ్చే దారులు కలిసే కూడలి. పథకం అడిగే స్థలాలన్నీ ఇక్కడున్నాయి. అడిగేవారే ముందుకు రావాలి. ఆంధ్రప్రదేశ్‌లో చార్జింగ్ వసతులకు నోడల్ సంస్థ నెడ్‌క్యాప్. ప్రతిపాదనలు నగరాల వారీగా కాకుండా నియోజకవర్గ కేంద్రాల వారీగా తయారైతే సీమలోని ప్రతి తాలూకా ఊరికీ పూర్తి సాయంతో ఒక కేంద్రం కోరే వీలుంది. మొదటి విడతలో జరిగినట్టు పెద్ద ఊళ్ల పేర్లతోనే జాబితా నిండిపోతే, ఈ అవకాశం 2028 మార్చితో ముగిసిపోతుంది.

డబ్బు వచ్చినా కరెంటు రావాలి. బోరు కింద అయిదు హార్స్‌పవర్ మోటారు తిప్పే రైతుకు ఈ సమస్య వెంటనే అర్థమవుతుంది. ఆ మోటారు సామర్థ్యం 3.7 కిలోవాట్లు. 60 కిలోవాట్ల చార్జరు ఒక్కటి ఆన్ చేయడమంటే అలాంటి మోటార్లు పదహారు ఒక్కసారిగా తిప్పినట్టు. ఊళ్లో ఇళ్లకు కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఈ భారం వేస్తే వీధి వీధంతా వోల్టేజి పడిపోతుంది. చార్జరుకు సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి, 11 కేవీ లైను దగ్గరగా ఉండాలి. నిబంధనల ప్రకారం గ్రామీణ ప్రాంతాల్లో కొత్త కనెక్షను 15 రోజుల్లో ఇవ్వాలి. లైను పొడిగించాల్సి వస్తే ఆ గడువు వర్తించదు, అసలు జాప్యమంతా అక్కడే. యంత్రం రెండు నెలల్లో లారీలో దిగొచ్చు, స్తంభాలు పాతేసరికి ఏడాది పట్టొచ్చు. కాబట్టి స్థలం ఎంపికలో విద్యుత్ పంపిణీ సంస్థ ఇంజనీరు మొదటి రోజు నుంచే కూర్చోవాలి. సబ్‌స్టేషనుకు దగ్గరున్న ప్రభుత్వ స్థలం మొదట చూడాలి.

కరెంటు పుట్టే చోటు చూస్తే సీమవాసి అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఎదురవుతుంది. ఓర్వకల్లు పరిసరాల్లో 2017లో పూర్తయిన వెయ్యి మెగావాట్ల సౌర పార్కు, పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టు, పత్తికొండ చుట్టుపక్కల మెట్టల మీద తిరిగే గాలిమరలు ఈ నేలవే. భూములిచ్చింది ఇక్కడి వారు. ఆ కరెంటు హైటెన్షన్ తీగల మీద దూరాలకు పోతుంది. అందులో చిన్న వాటా తమ ఊరి బస్టాండులో ఒక చార్జరుగా తిరిగి రావాలని కోరడం న్యాయమైన కోరిక. వ్యవస్థకు మేలు కూడా. కేంద్రం 2024 మార్గదర్శకాల్లో ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు చార్జింగ్ కరెంటు ధర సగటు సరఫరా వ్యయంలో 70 శాతం, మిగతా వేళల్లో 130 శాతం ఉండాలని సూచించింది. ఎండ మిక్కుటంగా ఉన్న వేళ సౌర విద్యుత్తు ఎక్కువై వాడేవాళ్లు తక్కువవుతారు. ఆ సమయంలో బండ్లు చార్జ్ అయితే ఆ కరెంటు వృథా కాదు. రాష్ట్రంలో చార్జింగ్ స్టేషన్లకు డిమాండ్ చార్జీలు లేకుండా యూనిట్‌కు 6.70 రూపాయలుగా ఉంటూ వచ్చిన ధర చిన్న ఊరికి అనుకూలమే. డిమాండ్ చార్జీ ఉంటే రోజుకు మూడు కార్లొచ్చే స్టేషను మొదటి బిల్లుతోనే మూతపడుతుంది.

ఇంతవరకు కార్ల మాటే. పత్తికొండ బతుకు కార్ల మీద నడవదు. ఇది టమోటా ఊరు. చుట్టుపక్కల మండలాల నుంచి గంపలకెత్తిన కాయ ఆటోల్లో, ట్రాలీల్లో యార్డుకొస్తుంది. కిలో రూపాయికి పడిపోయి రైతులు కాయను రోడ్డు పక్కన పారబోసిన రోజులు ఈ యార్డు చూసింది. అలాంటి రోజున బాడుగ కూడా గిట్టదు. డీజిల్ ఆటో లీటరుకు పాతిక కిలోమీటర్లు పోతుందనుకుంటే, కిలోమీటరుకు దాదాపు నాలుగు రూపాయలు ఇంధనానికే పోతుంది. సరుకు మోసే ఎలక్ట్రిక్ ఆటో యూనిట్‌కు పది కిలోమీటర్లు వచ్చినా ఖర్చు రూపాయి లోపే. కాయ ధర ఎవరి చేతిలోనూ లేదు, బాడుగ తగ్గించే వీలు మాత్రం ఇక్కడుంది.

మన దేశం 2023లో ఎలక్ట్రిక్ త్రిచక్ర వాహనాల అమ్మకాల్లో చైనాను దాటి ప్రపంచంలో మొదటి స్థానానికొచ్చింది. ఆ విజయం ఆటో డ్రైవర్లది. అయితే కార్ల కోసం పెట్టే 60 కిలోవాట్ల గన్ ఈ ఆటోల్లో చాలా వాటికి పనికిరాదు. వాటి బ్యాటరీల వోల్టేజి తక్కువ. మామూలు 16 ఆంపియర్ల సాకెట్టు, కాస్త నీడ, మూడు నాలుగు గంటల సమయం ఉంటే చాలు. యార్డులో వేలం అయ్యేదాకా బండి ఎలాగూ ఆగే ఉంటుంది, అదీ పగటి పూట, సౌర విద్యుత్తు చవగ్గా ఉండే వేళ. ఫాస్ట్ చార్జింగ్ అనే మాట మోజులో పడి యార్డులో ఒకే పెద్ద యంత్రం నిలబెట్టే కన్నా, అదే ఆవరణలో కార్లకు ఒక ఫాస్ట్ చార్జరు, ఆటోలకు ఇరవై సాకెట్ల షెడ్డు కట్టించడం మేలు. పీఎం ఈ-డ్రైవ్‌లో 48,400 చార్జర్లు కేటాయించింది ఇలాంటి బండ్ల కోసమే.

బస్సుల విషయంలో దారి చూపిన ఊరు సీమలోనే ఉంది. ఫేమ్ రెండో దశ కింద 2022 సెప్టెంబరులో తిరుపతిలో వంద ఎలక్ట్రిక్ బస్సులు మొదలయ్యాయి. సగం తిరుమల ఘాట్ మీద తిరుగుతుంటే, మిగతావి రేణిగుంట విమానాశ్రయం, మదనపల్లె, నెల్లూరు, కడప దారులకు వెళ్లాయి. ఘాట్ ఎక్కగలిగిన బస్సు మైదానంలో నడవలేదన్న అనుమానం అక్కడితో తీరిపోవాలి. పీఎం ఈ-బస్ సేవ కింద రాష్ట్రంలోని 11 నగరాలకు కేటాయించిన 750 బస్సుల్లో కర్నూలు, కడప, అనంతపురాలకు వాటా ఉంది. కర్నూలు నుంచి పత్తికొండ దాదాపు 80 కిలోమీటర్లు, తిరుపతి నుంచి కడపకున్న దూరం కన్నా తక్కువ. కర్నూలు డిపోలో ఒక చార్జరు, పత్తికొండ బస్టాండులో ఒకటి ఉంటే ఆ దారిలో ఎలక్ట్రిక్ బస్సు నిశ్చింతగా తిరుగుతుంది. సొంత బండి లేని వారికి ఈ ప్రజాధనం చేరే దారి బస్సే.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది. దాన్ని దాటవేయకూడదు. హంద్రీ-నీవా కాలువ పక్కనే పారుతున్నా చివరి చేనుకు నీళ్లందని, ఎండాకాలం తాగునీటికి ట్యాంకరు కోసం ఎదురుచూసే ప్రాంతంలో ఎవరి కార్లకో చార్జర్లెందుకని రైతు అడుగుతాడు. ప్రశ్న సబబైనదే. దానికి ఇవ్వగలిగిన నిజమైన జవాబు ఇది. పీఎం ఈ-డ్రైవ్‌లోని రెండు వేల కోట్లు చార్జింగ్‌కే కేటాయించినవి, కాలువకు మళ్లేవి కావు. పత్తికొండ తీసుకోకపోతే ఆ సొమ్ము ఇంకో నగరానికి పోతుంది, అంతే. తీసుకునేటప్పుడు మాత్రం రైతు ప్రశ్నను షరతుగా మార్చుకోవాలి. ముందు ఆటోలు, బస్సులు, ఆ తర్వాతే కార్లు అనే క్రమం రాతపూర్వకంగా ఉండాలి. సాగు ఫీడరు నుంచి చార్జరుకు కరెంటు మళ్లించకూడదు. పగటి తొమ్మిది గంటల వ్యవసాయ విద్యుత్తుకు ఒక్క నిమిషం కూడా కోత పడకూడదు.

సాయం విడుదల పద్ధతి కూడా మారాలి. యంత్రం కొన్నప్పుడు సాయంలో 70 శాతం, పని మొదలయ్యాక మిగతా 30 శాతం ఇచ్చే తీరులో ప్రారంభోత్సవం తర్వాత ఆ చార్జరు గతి ఎవరికీ పట్టదు. బ్యాటరీ అయిపోవస్తున్న బండితో ముప్పై కిలోమీటర్లు వచ్చిన డ్రైవరుకు, తెర మీద వెలుగు లేని యంత్రం ఎదురైతే ఆ ఒక్క అనుభవం పది మందిని ఎలక్ట్రిక్ బండి నుంచి దూరం చేస్తుంది. చిన్న ఊళ్ల స్టేషన్లకు చివరి వాటాను మూడేళ్లకు విడదీసి, ఏడాదిలో 97 శాతం సమయం పనిచేసినట్టు మీటరు రికార్డు చూపితేనే ఇవ్వాలి. మరమ్మతుకు బెంగళూరు నుంచి మనిషి రావాల్సిన అవసరం లేకుండా, ఆదోని, కర్నూలు ఐటీఐల్లో చదివిన ఎలక్ట్రీషియన్లకు ఆ పని నేర్పించాలి. ఇలాంటి చార్జరు ఊరికి ఒకటిరెండు ఉద్యోగాలు కూడా తెస్తుంది.

ఈ పని పరిధి కూడా ఎక్కువేం కాదు. గుత్తి, పత్తికొండ, ఆదోని, మంత్రాలయం దారిలోనూ, డోన్ నుంచి పత్తికొండ మీదుగా ఆలూరు దిక్కుగా పోయే దారిలోనూ వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని కేంద్రాలు సరిపోతాయి. ఆర్డీఓ, ఆర్టీసీ డిపో మేనేజరు, మార్కెట్ కమిటీ, విద్యుత్ శాఖ డీఈ ఒక పూట కూర్చుంటే స్థలాలు గుర్తించగలరు. నెడ్‌క్యాప్ ఆ జాబితాను రాష్ట్ర ప్రతిపాదనలో చేర్చగలదు. 2028 మార్చికి ముందు రెండు టమోటా సీజన్లయినా గడుస్తాయి. ఆ సీజన్లలో యార్డు గేటు లోపల ఇరవై సాకెట్ల షెడ్డు కింద ఆటోలు వరసగా నిలబడి చార్జ్ అవుతుంటే, పక్కన వేలం పాట సాగుతుంటే, ఈ ఊరి పేరు మొదటిసారి చార్జింగ్ జాబితాలో కనిపిస్తుంది.